సీటు ఒక్కటే కదా అనుకుంటే..!

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు దూసుకెళ్లాయి. మరుసటి ఏడాది పోటీ రద్దయినా ఆ మోజు మాత్రం పోలేదు. మీర్‌పేట్‌లో ఇంజినీరింగ్ చదువుతూనో, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూనో ఉన్న మీలో కొందరికి ఈ ఆలోచన వచ్చే ఉంటుంది: ఉద్యోగం రాగానే ఒక సెకండ్‌హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొనాలి, దానికి రేసింగ్ బకెట్ సీటు వేయించాలి. ‘నాలుగు బోల్టులు విప్పి, మళ్లీ నాలుగు బిగిస్తే అయిపోయె’ అనే సలహాలకూ కొదవుండదు. నిజంగా అంతేనా?

పాత సీటుతో పాటు పోయేవి

ఇప్పటి కారులో సీటు అంటే ఉత్త కుర్చీ కాదు, భద్రతా వ్యవస్థలో ఒక భాగం. మన దేశంలో 2019 జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ముందు సీట్లకు బెల్టు రిమైండర్ తప్పనిసరి అయ్యాయి. చాలా కార్లలో బెల్టు బకిల్ సీటు ఫ్రేముకే బిగించి ఉంటుంది. సైడ్ ఎయిర్‌బ్యాగులున్న మోడళ్లలో సాధారణంగా అవి సీటు వీపు భాగంలోనే ఉంటాయి. సీటు కింద కనిపించే పసుపు రంగు ప్లగ్గులు వాటివే. వాటిని పీకేస్తే డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక లైటు వెలుగుతుంది. రెసిస్టర్ పెట్టి ఆ లైటును ఆర్పేసే చిట్కా ఒకటుంది. లైటు ఆరిపోతుంది కానీ ఎయిర్‌బ్యాగ్ తిరిగి రాదు. రేపు మీ దగ్గర ఆ కారు కొనుక్కునేవాళ్లకు ఆ సంగతే తెలియదు!

మరి రేసర్లకు ఈ సీట్లే ఎందుకు? వాళ్లకు సీటుతో పాటు హెల్మెట్, మెడను కాపాడే పరికరం, ఐదారు చోట్ల పట్టే బెల్టు, రోల్‌కేజ్ ఉంటాయి. ఇవన్నీ కలిస్తేనే ఆ సీటు పని చేస్తుంది. రోల్‌కేజ్ లేని కారులో నాలుగు పాయింట్ల బెల్టు పెట్టుకున్నారనుకోండి. బండి పల్టీ కొట్టి పైకప్పు కిందికి నొక్కుకుపోతే, మామూలు బెల్టులో శరీరం పక్కకు ఒరిగే వీలుంటుంది. ఆ బెల్టు మాత్రం నిటారుగానే పట్టి ఉంచుతుంది. పోనీ కారు బెల్టే వాడదామంటే, ఎత్తయిన సీటు అంచుల మీదుగా వెళ్లి నడుముకు సరిగా ఆనకపోవచ్చు.

చట్టం మాటేమిటి?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఆర్‌సీలో సీట్ల సంఖ్య ఉంటుంది. కాబట్టి వెనక సీటు తీసేసి రోల్‌కేజ్ పెడితే అది నేరుగా ఉల్లంఘనే. ముందు సీటు ఒక్కటే మారిస్తే సంఖ్య మారదు కదా అంటారా? అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ బయటి విడిభాగాలు అమర్చడాన్నీ లెక్కలోకి తీసుకుంది. నిబంధనలు అనుమతించని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. దుకాణంలో ఇచ్చే భరోసా దీనికి అడ్డురాదు. ఆర్టీఏ నుంచి ముందే లిఖితపూర్వకంగా స్పష్టత తీసుకోవాలి. బీమా కంపెనీకీ చెప్పాలి. చెప్పకపోతే క్లెయిమ్ వేళ పేచీకి మీరే దారి ఇచ్చినట్టు.

ఎఫ్ఐఏ ముద్ర ఉంటే చాలనుకోవద్దు. అది పోటీలకు సంబంధించిన గుర్తింపు, రోడ్డు అనుమతి కాదు. 8855-1999 ప్రమాణం సీటుకైతే తయారైన నాటి నుంచి గడువు ఐదేళ్లే. ముద్రే లేని సీటు కేవలం అలంకారం.

ఆ ఇష్టాన్ని ఉద్యోగం వైపు తిప్పండి

ఈ మోజును అణచుకోమని కాదు, సరైన చోట పెట్టమని. సీటు డిజైన్ ఇప్పుడు పెద్ద ఇంజినీరింగ్ రంగం. లియర్, అడియెంట్ వంటి సీట్ల కంపెనీలు పుణెలో పని చేస్తున్నాయి. హ్యుందాయ్, జెడ్ఎఫ్ సంస్థలకు హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక కొనేవాళ్లు కూడా భద్రతా స్టార్లు చూస్తున్నారు. 

మెకానికల్ విద్యార్థులైతే కాటియా, హైపర్‌మెష్, ఎల్ఎస్-డైనా నేర్చుకోండి. కూర్చున్న మనిషి తుంటి స్థానాన్ని చెప్పే హెచ్-పాయింట్ అంటే ఏమిటో, బెల్టు యాంకరేజీని ఎలా పరీక్షిస్తారో చదవండి. ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఎయిర్‌బ్యాగ్ వైరింగును సురక్షితంగా విప్పి బిగించడం, స్కానర్‌తో లోపం పట్టుకోవడం సర్వీస్ సెంటర్లలో అక్కరకొచ్చే పని.

రేసింగ్ సీటు చేత్తో బిగించి చూడాలనే ఉందా? బాహా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ వంటి విద్యార్థి పోటీలకు కాలేజీలో జట్టు కట్టండి. అక్కడ సీటు ఎక్కడ, ఏ కోణంలో, ఏ బ్రాకెట్‌తో బిగించారో న్యాయనిర్ణేతలు అడుగుతారు, మీరు లెక్కలతో జవాబు చెప్పాలి. ఇంటర్వ్యూలో ‘మా కారుకు బకెట్ సీటు వేయించా’ అంటే తర్వాతి ప్రశ్న ఎయిర్‌బ్యాగ్ గురించే వస్తుంది. ‘మా జట్టు కారులో సీటు, బెల్టు మౌంటింగు నేనే డిజైన్ చేశా’ అంటే మీ డ్రాయింగులు చూపించమంటారు. ఆ ఫైలు ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.