కొత్త సర్వరు, పాత దస్త్రము

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్నది మన సామెత. కాలేజీ కంప్యూటరు గదిలో మాత్రము ఈ సామెత తలక్రిందులైనట్లు తోచును. అక్కడ పాతది ప్రాణప్రదము, కొత్తది భయకారణము. విద్యార్థుల పేర్లు, పుట్టిన తేదీలు, మార్కులు, ఫీజులు, స్కాలర్‌షిప్పులు అన్నియు భద్రపరచియున్న డేటాబేసు సర్వరు సాఫ్ట్‌వేరును కొత్త వర్షనుకు మార్చవలెననగానే ఆఫీసు సిబ్బంది గుండెలలో రాయి పడుచున్నది. ఈ భయము నిరాధారమైనదని మేము అనము. అయితే దీనికి విరుగుడు మార్పును వాయిదా వేయుట కాదనియు, మార్పునకు ముందే మన దస్త్రములను మనము చక్కబెట్టుకొనుటయే ననియు మా అభిప్రాయము.

తెలుగు బోధించు మాకు సర్వరులతో పనియేమని విద్యార్థులు అడుగవచ్చును. ఆ పని మేము కోరి తెచ్చుకొన్నది కాదు. కొన్నేండ్ల క్రిందట మేమెరిగిన ఒక విద్యాసంస్థలో, అడ్మిషన్ల రోజులలోనే, ఒక సెలవునాటి రాత్రి మైఎస్‌క్యూఎల్ 5.7 స్థానమున 8.0 ను అమర్చినారు. దానితోపాటు ఆఫీసు ప్రోగ్రామును కూడ మార్చినారు. తెల్లవారి చూడగా మెరిట్ జాబితా రాలేదు. సెక్షన్లవారీ పట్టిక వచ్చినది గాని వరుస తప్పి వచ్చినది. తెలుగులోను ఉర్దూలోను ఎక్కించిన పేర్లు తెరపై వింత గుర్తులుగా కనిపించినవి. “నిన్నటివరకు బాగానే నడిచినది గదా సార్!” అని గుమాస్తా గారు తల పట్టుకొని కూర్చున్నారు. పేర్లు సరిచూచుటకు ఉర్దూ అధ్యాపకులను, మమ్మును పిలిపించినారు. పాత అడ్మిషన్ రిజిస్టరు ముందుంచుకొని ఇద్దరమును ఒక్కొక్క పేరే చదువసాగితిమి. కిటికీ వద్ద టి.సి. కొరకు వచ్చిన ఒక విద్యార్థిని నిలిచియున్నది. వేరొక కాలేజీలో ఆమె సీటు గడువు ఆ సాయంత్రముతో ముగియును. చివరకు చేతివ్రాతతోనే టి.సి. ఇచ్చి పంపినారు. కాని ఆ అమ్మాయి ముఖములోని ఆందోళన మేము మరువలేకున్నాము.

గుమాస్తా గారి మాటలో అసత్యము లేదు. నిన్నటివరకు నడిచిన మాట నిజమే. అయితే పాత వర్షను అంతకాలము మన అశ్రద్ధను కూడ సహించుచు నడిచినదన్న సంగతిని ఎవరును గమనింపలేదు. ఆనాడు బయటపడిన చిక్కులను ఒక్కొక్కటిగా పరిశీలించిన ఈ విషయము తేటతెల్లము కాగలదు.

మెరిట్ జాబితా ఎందుకు రాలేదు? 2018 ఏప్రిల్‌లో సర్వసాధారణ వినియోగమునకు విడుదలైన 8.0 వర్షనులో, వరుస స్థానములను లెక్కించు కొత్త సౌకర్యములు చేరినవి. అందువలన ‘ర్యాంక్’, ‘గ్రూప్స్’ వంటి పదములు సర్వరు తన సొంతమునకు ప్రత్యేకించుకొన్న పదములైనవి. మన కాలేజీలలో ర్యాంకు లేని పట్టిక, గ్రూపు లేని విద్యార్థి ఉందురా? ఆ పేర్లతోనే పట్టికలను, గడులను తయారుచేసికొన్న ప్రోగ్రాములు కొత్త సర్వరునకు వ్యాకరణదోషములుగా తోచినవి. అట్టి పేరును ప్రత్యేక ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచుట తాత్కాలిక ఉపాయము. పేరునే మార్చుట శాశ్వత పరిష్కారము.

సెక్షన్లవారీ పట్టిక వరుస తప్పుటకు కారణము వేరు. ‘గ్రూప్ బై’ అని అడిగినప్పుడు 5.7 వర్షను, మనము కోరకున్నను, ఫలితములను వరుసలో పేర్చి ఇచ్చెడిది. 8.0 ఆ పని మానినది. వరుస కావలెనన్నచో ‘ఆర్డర్ బై’ అని స్పష్టముగా అడుగవలెను. పాత వర్షను అలవాటుగా చేసిన ఉపకారమును ప్రోగ్రాము వ్రాసినవారు హక్కుగా భావించినారు. ఇట్టి దోషము మిగిలినవాటికంటె ప్రమాదకరము. ఏలయన, ఏ హెచ్చరికయు రాదు. పట్టిక వచ్చును, మొత్తములు సరిపోవును, వరుస మాత్రము మారియుండును.

కొన్ని చోట్ల సర్వరు అసలు లేవనే లేవదు. 8.0 నుండి ‘క్వెరీ క్యాష్’ను పూర్తిగా తొలగించినారు. ‘నో ఆటో క్రియేట్ యూజర్’ అను నియమమును కూడ తీసివేసినారు. పాత సెట్టింగుల ఫైలులో వీటి ప్రస్తావన మిగిలియున్నచో సర్వరు ఆరంభములోనే ఆగిపోవును. అప్పుడు కంగారుతో అన్నియు మరల అమర్చుట కాక, ఎర్రర్ లాగ్ తెరచి చదివినచో తప్పు ఎచ్చటనున్నదో అదియే చెప్పును.

పాస్‌వర్డు సంగతి మరియొకటి. 8.0 లో కొత్తగా సృష్టించు ఖాతాలకు పాస్‌వర్డును సరిచూచు విధానము మారినది. పాత కాలపు అనుసంధాన లైబ్రరీలకు ఆ విధానము తెలియదు. పాస్‌వర్డు సరియైనదే అయినను లోనికి రానీయదు. అనేకులు ఆ ఖాతాను పాత ‘నేటివ్’ విధానమునకు మార్చి ఊపిరి పీల్చుకొన్నారు. కాని 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.4 లో ఆ పాత విధానము ముందుగానే ఆపివేయబడియున్నది. అదే ఏడాది జూలైలో వచ్చిన 9.0 లో దానిని తొలగించియే వేసినారు. వాయిదా వేసిన చిక్కు తీరిన చిక్కు కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మా మనస్సునకు మిక్కిలి దగ్గరైన అక్షరముల సమస్య. 8.0 కు ముందు, ప్రత్యేకించి చెప్పనిచో, పట్టికలు ‘లాటిన్ 1’ లిపిలో తయారయ్యెడివి. అది తెలుగునకును ఉర్దూకును చోటులేని లిపి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము 3 బైట్లు, ఉర్దూ అక్షరము 2 బైట్లు ఆక్రమించును. పాత ప్రోగ్రాము ఈ బైట్లను లాటిన్ అక్షరములని చెప్పి లోపల దాచినది, అదే మాట చెప్పి వెలుపలికి తీసినది. దాచినవారు, తీసినవారు ఒక్కరే గనుక మోసము తెలియలేదు. సత్యము పలుకు కొత్త ప్రోగ్రాము వచ్చి చదువగానే ఒక్కొక్క తెలుగు సంకేతము మూడేసి, ఉర్దూ అక్షరము రెండేసి వింత గుర్తులుగా విడిపోయినది.

ఇట్టి స్థితిలో తొందరపడి ఆ పట్టికను నేరుగా కొత్త లిపికి మార్చినచో తప్పు మీద తప్పు ముద్రపడును. ముందు ఆ గడిని కేవలము బైట్లుగా, అనగా ‘బ్లాబ్’గా మార్చి, పిమ్మట ‘యూటీఎఫ్8ఎంబీ4’ అని ప్రకటింపవలెను. ఆనాడు ఈ మార్గముననే ఎక్కువ పేర్లు తిరిగి వచ్చినవి. కొన్ని మాత్రము అంతకు ముందెప్పుడో ప్రశ్నార్థకములుగా మారియుండెను. ప్రశ్నార్థకముగా భద్రపరచిన అక్షరమును ఏ యంత్రమును తిరిగి ఈయలేదు. వాటిని కాగితపు రిజిస్టరే కాపాడినది.

మరియొక సూక్ష్మ విషయమును కూడ చెప్పవలెను. పాత పోలిక నియమములలో పేరు చివరనున్న ఖాళీ స్థలము లెక్కకు రాదు. 8.0 తనంతట తాను అనుసరించు కొత్త నియమములో లెక్కకు వచ్చును. టైపు చేయునప్పుడు ‘రహీం’ తరువాత ఒక ఖాళీ పడినచో, పట్టికను కొత్త నియమమునకు మార్చిన పిమ్మట ఫీజు పట్టికలోని రహీం వేరు, మార్కుల పట్టికలోని రహీం వేరు. మనిషి ఒక్కడే, తండ్రి పేరు ఒక్కటే. స్కాలర్‌షిప్పు జాబితాలో మాత్రము అతడు కనబడడు.

ఇన్ని చిక్కులుండగా పాతదానితోనే కాలము గడుపరాదా అని పెద్దలు కొందరు అందురు. 5.7 వర్షనుకు 2023 అక్టోబరుతో మద్దతు ముగిసినది. అనగా దానిలో కొత్తగా బయటపడు భద్రతా లోపములను తయారీదారులు సవరింపరు. విద్యార్థుల చిరునామాలు, బ్యాంకు వివరములు ఉన్న పెట్టెకు తాళము తుప్పు పట్టినదని తెలిసియు ఊరకుండుట న్యాయమా? 8.0 కు కూడ 2026 ఏప్రిల్‌ను గడువుగా ప్రకటించినారు. కావున ఈ మార్పు ఒక్కనాటితో తీరునది కాదు. కొన్నేండ్లకొకసారి తప్పక వచ్చునదే. మరల, ఒక్క రాత్రిలో అంతయు మార్చివేయుదుమను యువకుల ఉత్సాహమును కూడ మేము సమర్థింపము. 8.0 ఒకమారు మొదలై పాత ఫైళ్లను తన రూపములోనికి మార్చుకొన్న పిమ్మట వెనుకకు 5.7 కు దిగు దారి లేదు. ముందుగా తీసికొన్న బ్యాకప్ ఒక్కటే శరణ్యము.

మా వృత్తి నుండి ఒక ఉదాహరణము. సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యములను పరిష్కరింపజేసినప్పుడు పండితులచేత అనేక ప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతిని వ్రాయించెను. ఒకే ప్రతిని నమ్ముకొని దానిపైననే దిద్దుబాట్లు చేసియుండినచో ఎన్ని పద్యములు చెడిపోయెడివో! సర్వరు విషయములోను మార్గమిదియే. అసలును తాకక, నకలుపై ప్రయత్నింపవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెను.

కావున కాలేజీ కమిటీ వారికి మేము సవినయముగా మనవి చేయునది మూడు మాటలు. మొదటిది: వర్షను మార్పును అడ్మిషన్ల, పరీక్షల కాలములో తలపెట్టరాదు. రెండవది: వేరొక కంప్యూటరును ఈ పనికే కేటాయించి, బ్యాకప్‌ను దానిలో నిజముగా తెరచి చూచి, దానిపై కొత్త వర్షనును ముందుగా నడుపవలెను. తెరచి చూడని బ్యాకప్ ఉన్నదో లేదో చెప్పలేము. మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడునకు ముందు లోపములను చూపు పరీక్ష ఒకటి ఉన్నది. దానిని నడిపి, అది చూపిన ప్రతి అంశమును నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. మూడవది: యంత్రనిపుణునితోపాటు ఆ పేర్లను ఎరిగినవారిని కూడ కూర్చుండబెట్టవలెను. తెలుగు పేరు తప్పినదని తెలుగువారికి, ఉర్దూ పేరు తప్పినదని ఉర్దూవారికి తెలిసినట్లు ఏ పరీక్షయు చెప్పలేదు.

కంప్యూటరు విద్యార్థులారా! ఈ నకలు పరీక్షను మీరు మీ ప్రాజెక్టుగా స్వీకరించుడు. అసలు పేర్లకు బదులు కల్పిత నామములతో పట్టికలు నింపికొని, ఒక్కొక్క చిక్కును మీ చేతులతో విప్పుడు. ప్రతి నమోదు వెనుక కిటికీ వద్ద నిలబడిన ఒక విద్యార్థి ఉన్నాడని మాత్రము మరువకుడు. ఆ విద్యార్థి పేరు తన లిపిలో, తన తండ్రి పెట్టినట్లే, వర్షనులు ఎన్ని మారినను చెక్కుచెదరక ఉండవలెననియే మా కోరిక.