వాద్యాల ముచ్చట: బ్యాండులో పులి, కిన్నెరలో అలుగు

పిల్లలూ! పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం మీరంతా వినే ఉంటారు. పాశ్చాత్య దేశాల బళ్ళలోనూ కాలేజీల్లోనూ మరోరకం బ్యాండు ఉంది. యాభై అరవై మంది వరసగా కూర్చుని, కాగితంమీది స్వరాలు చూస్తూ వాయిస్తారు. అది కచేరీ బ్యాండు. అందులో తీగల వాద్యాలు ఇంచుమించు ఉండవు; ఊదేవీ, కొట్టేవీ ఉంటాయి. ఈ బ్యాండు కోసం అడవి జంతువులమీద కూడా కొత్తగా సంగీతం రాస్తున్నారు.

ఇత్తడి గొట్టం పులిలా గాండ్రించటం ఎలా? మీరు బొప్పాయి కాడతో బూర చేసి ఊదారు కదా! పొట్టి కాడ కీచుమంటుంది, పొడుగు కాడ బొంగురుపోతుంది. ఇదీ అంతే. వంపులన్నీ సాపు చేస్తే ట్రాంబోను గొట్టం సుమారు 9 అడుగులు, పెద్ద ట్యూబాది 18 అడుగులు. ట్రాంబోనుకు జారుడు గొట్టం ఉంది. ఊదుతూ దాన్ని ముందుకు తోస్తే స్వరం తెగకుండా కిందికి దిగుతుంది. అదే గాండ్రింపు!

అయినా పులి గొంతు పూర్తిగా దొరకదు. సెకనుకు 20 కంటే తక్కువ కంపనాలున్న ధ్వని మన చెవికి అందదు. పులి అరుపులో అటువంటి ధ్వని కూడా ఉన్నట్టు శాస్త్రజ్ఞులు పరికరాలతో పట్టుకున్నారు.

జంతువుల సంగీతం పాతదే. ఫ్రెంచి స్వరకర్త సేంసాన్స్ 1886లో ‘జంతువుల కార్నివాల్’ రాశాడు. తాబేళ్ళకోసం ఏం చేశాడో తెలుసా? గంతులేసే నాట్యపు బాణీ ఒకటి తీసుకుని నత్తనడక నడిపించాడు! తన పెద్దరికం పోతుందనుకున్నాడో ఏమో, బతికుండగా ఒక్క ‘హంస’ తప్ప అచ్చు కానివ్వలేదు. ఆయన 1921లో పోతే, మొత్తం 1922లో అచ్చయింది.

ఇక మన నల్లమల అంచుకు వద్దాం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో అవుసలికుంట అనే ఊరుంది. ఆ ఊరి దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ పొందారు. కిన్నెరమీద పాడేది వీరుల కథలు. జంతువులు కథలో కాదు, వాద్యం ఒంట్లోనే ఉన్నాయి! వెదురు దండి, ఎండిన సొరబుర్రలు, అతకటానికి తేనెమైనం, అలంకారానికి నెమలి ఈకలు. మరి మెట్లు? అవి అలుగు పొలుసులు!

అలుగుకు పళ్ళు లేవు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. ఆ పొలుసులు పులి పళ్ళకు కూడా ఒక పట్టాన లొంగవు. మనిషికి ఆ బాధ లేదు, బంతిని ఎత్తుకుపోతాడు! పొలుసుల దొంగవ్యాపారం వల్ల అలుగు అరుదైపోయింది. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని పట్టటం నేరమంటుంది. అలుగుల అంతర్జాతీయ వ్యాపారం ఆపాలని 2016లో దేశాలు కూడబలుక్కున్నాయి.

అయితే కిన్నెర గతేమిటంటారా? పూర్వం దాని తీగలు జంతువుల నరాలతో, గుర్రపు వెంట్రుకలతో చేసేవారు. ఇప్పుడు లోహపు తీగలు వచ్చాయి, కిన్నెర పలుకుతూనే ఉంది. మెట్లకు మాత్రం వేరే సరుకు దొరకదా?