రిమోట్ పట్టుకున్నవాళ్ల ప్రణాళిక

కోడీ మనల్ని గమనించదు. టీవీకి తగిలించిన పెట్టెలో వేసుకుని సినిమాలు చూసి, పాటలు వినే ఈ ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు రాస్తున్నారు. లాభాపేక్ష లేని ఎక్స్‌బీఎంసీ ఫౌండేషన్ దాని బాగోగులు చూస్తోంది. మనం ఏ స్టేషన్ విన్నామో, ఎక్కడ విసుగొచ్చి ఆపేశామో, ఏ మెనూలో దారి తప్పామో అది ఎవరికీ చేరవేయదు. దాని మీద మాకున్న ఇష్టానికి మొదటి కారణం ఇదే. దానికోసం విడిగా రాసిన చిన్న ప్రోగ్రాములు, అంటే రేడియో యాడాన్లు, మన ఇళ్లలో కుంటుతూ నడవడానికీ సగం కారణం ఇదే. యాడాన్ రాసినాయనకు అది ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో తెలుస్తుంది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలిసే దారి లేదు.

వ్యాపార యాప్‌లు ఈ సమస్యను మన ప్రతి నొక్కునూ లెక్కపెట్టి తీర్చుకుంటాయి. ఇష్టమున్నవాళ్ల దగ్గరైనా అలాంటి లెక్క తీసుకుంటే తప్పేమిటని మాలోనే కొందరు వాదించారు. వాదన బలంగానే సాగింది గానీ నెగ్గలేదు. ఎక్కడ ఆపేశారో అంకె చెబుతుంది, ఎందుకు ఆపేశారో చెప్పదు. అది చెప్పాల్సింది మనిషే. మమ్మల్ని మేమే, మా ఇష్టంతో, మా ఇంట్లో, మాకు తెలిసినవాళ్ల ఎదుట పరీక్షకు పెట్టుకుంటాం. ఈ సంఘం పుట్టింది అందుకే.

మాకింకా పేరు లేదు. పేరు దగ్గర మొదలైన సంఘాలు పేరు దగ్గరే చీలిపోవడం చూసి ఆ పని వాయిదా వేశాం. మాలో ప్రోగ్రామర్లు ఉన్నారు, కానీ పరీక్ష జరిగే గదిలో వాళ్లకు ఆ హోదా ఉండదు.

రేడియోనే ఎందుకు పట్టుకున్నామంటే, ఈ పెట్టెలో దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, అవసరమున్నవాళ్లు ఎక్కువ. యాడాన్ చేసే పని వినడానికి చిన్నదే. రేడియో బ్రౌజర్ లాంటి ఉమ్మడి జాబితా నుంచి స్టేషన్ల పేర్లు తెస్తుంది, మనం ఎంచుకున్నదాని చిరునామాను ప్లేయర్‌కు అందిస్తుంది, అక్కడినుంచి ప్లేయరే వినిపిస్తుంది. ఆ జాబితా కూడా జనం తలో చెయ్యి వేసి కట్టినదే. అందులోని లింకులు బతికున్నాయా లేదా అని యంత్రం తనిఖీ చేస్తూ ఉంటుంది. అయితే శబ్దం వస్తోందన్నంతవరకే దానికి తెలుస్తుంది. తెలుగు స్టేషన్ పేరు నొక్కితే వేరే భాషలో వార్తలు వస్తున్నాయన్న సంగతి, లేదా ఒకే ప్రకటన గిరగిరా తిరుగుతోందన్న సంగతి, చెవి ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ తర్వాత రెండు మూడు తరాలు పొద్దున్నే భక్తిరంజనితో లేచాయి. ఆ శ్రోతకు రేడియో అంటే మీట తిప్పితే పలికే వస్తువు. అదే శ్రోతను కోడీ ముందు కూర్చోబెట్టండి. యాడాన్ల వరస, అందులో సంగీతం, అందులో రేడియో, అందులో దేశాలు, అందులో ఇండియా, ఆ తర్వాత ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేజీలకు పేజీలు. వెతుకుదామంటే తెర మీద అక్షరాల పలక వస్తుంది. రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం దగ్గరికి నడిచి వెళ్లాలి. అంతా కొట్టాక ‘విజయవాడ’ను ఆ జాబితాలో ఎవరు ఏ స్పెల్లింగుతో ఎక్కించారో వాళ్లకే ఎరుక. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఏమీ దొరకలేదంటుంది. పేరు తెలుగు లిపిలోనే ఉంటే మరో తంటా. ఎంచుకున్న ఫాంటులో మన అక్షరాలు లేకపోతే పేరు బదులు వరసగా డబ్బాలు కనిపిస్తాయి. సెట్టింగుల్లో ఫాంటు మార్చుకోవాలన్నది కోడీ వాడేవాళ్లలో పాత సలహా. అది తెలియని మనిషి ఆ డబ్బాలు చూసి టీవీ పాడైందనుకుంటారు.

పాట మొదలయ్యాక కూడా కష్టాలు తీరవు. షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్ పద్ధతిలో వచ్చే ప్రసారాల్లో పాట పేరును శబ్దం మధ్యలోనే చిన్న చిన్న ముక్కలుగా జొప్పించి పంపుతారు. ఆ అక్షరాలు ఏ సంకేత పద్ధతిలో ఉన్నాయో అందులో చెప్పరు. పంపేవాళ్లది ఒక పద్ధతి, చదివేవాళ్లది ఇంకొకటి అయితే ‘నీలి మేఘాలు’ కాస్తా అర్థంలేని గుర్తుల గుంపుగా తేలుతుంది. ఇంగ్లిష్ పేర్లతో సరిచూసుకున్న రచయితకు ఈ లోపం జన్మలో కనిపించదు. అతని తప్పు కూడా కాదు. మనం చూపించలేదు, అంతే.

ఇక మేం ఎలా పరీక్షిస్తామన్నది. ఐదుగురిని కూర్చోబెడితే లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయన్న మాట సాఫ్ట్‌వేర్ వాడుకను పరీక్షించే రంగంలో అందరికీ కంఠతా వచ్చు. దాని వెనకున్నది జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క. ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు పట్టుకుంటాడనుకుంటేనే ఆ లెక్క కుదురుతుంది. పైగా ఆ ఐదుగురూ ఒకే రకం శ్రోతలై ఉండాలి. ఒకే అపార్ట్‌మెంట్‌లోని ఐదుగురు ఇంజినీర్లను కూర్చోబెట్టి తెలుగువాళ్లందరినీ పరీక్షించామనడం మాకు సమ్మతం కాదు. డెబ్బై దాటినవాళ్లు వేరే గుంపు. చూపు మందగించినవాళ్లు వేరే గుంపు. డల్లాస్‌లో ఉన్నవాళ్లు మరో గుంపు, ఎందుకంటే హైదరాబాద్‌లో ఉదయం ఆరు గంటలంటే వేసవిలో వాళ్లకు ముందురోజు రాత్రి ఏడున్నర. యాడాన్ కార్యక్రమం సమయం చూపిస్తే, ఎవరి గడియారం ప్రకారం చూపిస్తోందో వాళ్లే చెప్పాలి.

పరీక్షకు వచ్చినవాళ్లకు ఒక పని ఇస్తాం: ఫలానా స్టేషన్ పెట్టండి, దాన్ని ఇష్టమైనవాటిలో చేర్చండి, రేపు మళ్లీ పెట్టుకోండి. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ చేయమంటాం. పక్కన కూర్చున్నవాళ్లు రాసుకోవాలి, నోరు విప్పకూడదు. మా సంఘంలో కఠినమైన నియమం ఇదొక్కటే. మన ఇళ్లలో పెద్దవాళ్లు రెండు క్షణాలు తడబడితే చాలు, పిల్లలు రిమోట్ లాక్కుంటారు. ‘అటు కాదమ్మా, ఇటు’ అన్న మాట వినబడిందంటే ఆ పరీక్ష చెల్లదు. ఆవిడ ఎంతసేపు వెతుకుతారో అంతసేపూ వెతకనివ్వాలి. కావలసిన సమాచారమంతా ఆ తడబాటులోనే ఉంది.

‘రావట్లేదు’ అని రాస్తే దాన్ని ఫిర్యాదుగా తీసుకోం. ఏ పెట్టె, కోడీ ఏ వెర్షన్, యాడాన్ ఏ వెర్షన్, ఏ స్టేషన్, ఎన్నింటికి, ఏం నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది: ఇవన్నీ రాయాలి. తెలుగులో రాసినా ఫరవాలేదు, ఇంగ్లిష్‌లోకి మార్చి పంపడం సంఘం బాధ్యత. డీబగ్ లాగ్ తీస్తే అది మీ యంత్రం దినచర్య మొత్తాన్నీ చెప్పేస్తుంది. ఫైళ్ల దారులు, నెట్‌వర్క్ చిరునామాలు, ఒక్కోసారి లింకులో దాగిన పాస్‌వర్డ్ కూడా అందులో ఉండవచ్చు. ఇంకొకరికి చూపించే ముందు ఒకసారి చదివి అలాంటివి చెరిపేయండి. అది చేతకాకపోతే అడగండి, పక్కన కూర్చుని చేస్తాం.

యాడాన్ రచయితలకు ఒక మాట. మీరు జీతం లేకుండా చేస్తున్నారని మాకు తెలుసు. 2021లో కోడీ 19 పాత పైథాన్‌ను వదిలి పైథాన్ 3కు మారినప్పుడు ఎన్నో యాడాన్లను తిరగరాయాల్సి వచ్చింది. తీరిక దొరకని రచయితల యాడాన్లు ఆగిపోయాయి. వాళ్లను తిట్టినవాళ్లలో మేం లేం, ఉండం. కానీ కొన్ని అడుగుతాం. స్టేషన్ పలకకపోతే తెర మీద ‘మరిన్ని వివరాలకు లాగ్ చూడండి’ అని వదిలేయకండి, స్టేషన్ మూగబోయిందో ఇంటి నెట్ పోయిందో చెప్పండి. తక్కువ బిట్‌రేటు ఎంచుకునే వీలివ్వండి. సెకనుకు 128 కిలోబిట్ల ప్రసారం గంటకు దాదాపు 58 ఎంబీ తింటుంది, రోజూ నాలుగు గంటలు వినే ఇంట్లో నెల తిరిగేసరికి 7 జీబీ దగ్గరికి చేరుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంటికి ఇది చిన్న లెక్క కాదు. రేడియో వింటున్నంతసేపూ పెద్ద తెర వెలుగుతూ ఉండకుండా నలుపు చేసే దారి ఒక్క బటన్ దూరంలో పెట్టండి. నిన్న విన్న స్టేషన్‌ను అన్నిటికంటే పైన చూపండి. ఈ చివరిది ఒక్కటి చేసినా మా పెద్దవాళ్లలో చాలామందికి మిగతా మెనూలతో పనే ఉండదు.

దొంగ ప్రసారాల యాడాన్లను మేం ముట్టుకోం. వాటిని నింపి అమ్మిన పెట్టెల వల్ల కోడీ పేరు ఇప్పటికే కావలసినంత పాడైంది. ప్రసారకర్తలు బాహాటంగా అందించే స్ట్రీములే మా పరిధి.

మొదటి పరీక్షకు డెబ్బై దాటిన ఐదుగురు కావాలి. మా ఇంటికి వస్తామన్నా సరే, మమ్మల్నే రమ్మన్నా సరే. అలవాటైన కళ్లద్దాలు, ఇంట్లో వాడే రిమోట్ వెంట ఉంచుకోండి. కొత్త రిమోట్‌తో చేసిన పరీక్ష ఆ రిమోట్‌కే పరీక్ష అవుతుంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఉన్నవాళ్లు దాని సొంత చార్జరు మరవకండి, కరెంటు చాలక ఆగిపోతే ఆ నేరం యాడాన్ మీదికి పోతుంది. మనవలు రావచ్చు, పక్క గదిలో కూర్చోవాలి.