ఎక్స్‌పీ సీడీకీ విత్తనశుద్ధి కావాలి

"ముందు ఓఎస్ ఎక్కించెయ్, అప్‌డేట్ల సంగతి తర్వాత చూద్దాం." బెజవాడలో ఏ రిపేరు షాపుకెళ్ళినా వినబడే మాట ఇదే. నన్నడిగితే, పాత విండోస్ విషయంలో ఇంతకన్నా చెడ్డ సలహా ఇంకోటి లేదు.

ఈ కాలంలో కూడా ఎక్స్‌పీ ఏంటి అంటారా? పాత పేజ్‌మేకరూ, అను ఫాంట్లతో శుభలేఖలు వేసే డీటీపీ వాళ్ళనడగండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బాబాయి షాపులో సిస్టం కూడా పోయింది. సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి తెచ్చుకున్నాడు. ఫైళ్ళ బ్యాకప్ ఉంది, సొంత ఎక్స్‌పీ సీడీ ఉంది, కీ ఉంది. లేనిదల్లా సర్వీస్ ప్యాక్!

2001 నాటి ఆ సీడీకి 137 జీబీ దాటిన డిస్కు పూర్తిగా కనబడదు. ఆ తెలివి 2002లో సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. ఫైర్‌వాల్ దానంతటదే ఆన్‌లో ఉండటం 2004లో సర్వీస్ ప్యాక్ 2తో మొదలైంది. ఈ మధ్యలో, 2003 ఆగస్టులో, బ్లాస్టర్ వచ్చింది. మనం ఏదీ నొక్కక్కర్లేదు, ప్యాచ్ లేని సిస్టం నెట్‌కి తగిలితే చాలు, దూరిపోయేది. డయలప్‌లో 266 ఎంబీల సర్వీస్ ప్యాక్ 2 దించాలంటే, 56 కేబీపీఎస్ పూర్తిగా వచ్చినా పది గంటల పైమాటే. అంతసేపు పురుగు ఆగుతుందా? ఇప్పుడైతే ఆ దారి కూడా లేదు. పాత ఎస్‌హెచ్‌ఏ-1 అప్‌డేట్ సర్వర్లని మైక్రోసాఫ్ట్ 2020లో ఆపేసింది.

మన డెల్టా రైతు నారు పోశాక మందు కొట్టొచ్చులే అని ఊరుకోడు, ముందే విత్తనశుద్ధి చేస్తాడు. సీడీకీ అంతే. దీన్నే స్లిప్‌స్ట్రీమింగ్ అంటారు. సీడీలో ఫైళ్ళన్నీ ఒక ఫోల్డర్లోకి కాపీ చేసి, 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 3ని ఇంటిగ్రేట్ స్విచ్‌తో నడిపి ఆ ఫోల్డర్ చూపిస్తే, పాత ఫైళ్ళ చోట కొత్తవి కూర్చుంటాయి. ఎన్‌లైట్ వాడితే ఇదంతా మౌస్‌తోనే అయిపోతుంది, పైగా సాటా డ్రైవర్లు కూడా కలుపుకోవచ్చు. అవి లేకపోతే చాలా సిస్టంలలో సెటప్ నీలితెర దగ్గరే చతికిలబడుతుంది. చివర్లో బూటబుల్‌గా రాసుకోవాలి, అది మర్చిపోతే సీడీ వృథా.

నెట్‌లో ఎవరో కలిపి పెట్టినవి దొరుకుతాయిగా అంటారేమో. అందులో ఇంకేం కలిపారో మీకు తెలుసా? అర పూట పని, మీ సీడీతో మీరే చేసుకోండి.

ఇంత చేసినా ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది కాబట్టి ఆ సిస్టంకి నెట్ కేబుల్ తగిలించొద్దు. ఫైళ్ళు మార్చే పెన్‌డ్రైవ్‌ని ముందు వేరే సిస్టంలో స్కాన్ చేయండి.

విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు అయిపోయింది. రేపు దాని మీదే బతికే షాపులు బోలెడుంటాయి. అప్‌డేట్లు కలిపిన ఐఎస్ఓ ఒకటి ఇప్పుడే చేసి, నీళ్ళు అందని ఎత్తులో దాచుకోండి.