సోకు కాదు, మందు

"ఇగ ఈ వయసుల నీకెందుకే ఈ సోకులు?" మొన్న మా అత్తమ్మ అన్న మాట ఇది. నా చేతిలో ఉన్నది మినాక్సిడిల్ సీసా. నాకు నలభై ఆరేళ్ళు. పాపిట వెడల్పై మాడు కనిపిస్తుంటే ఇక్కడే, పాలమూరులో, చర్మం డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె రాసిచ్చిన మందు అది.

అదే మందు మా అబ్బాయి ఏడాదిగా వాడుతున్నాడు. "పిల్లగానికి పెండ్లి కావాలె గద" అని డబ్బులిచ్చి తెప్పించేది ఈ అత్తమ్మే. వాడిది అవసరం, నాది సోకు! వాడి సీసా అద్దం ముందుంటుంది, నాది బియ్యం డబ్బా వెనకాల. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని చిన్నప్పటినుంచీ మనకు నూరిపోసినవాళ్ళే, ఆ జుట్టు పోతుంటే మాత్రం నోరు మూసుకోమంటారు.

మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. అది మింగినవాళ్ళకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి, తలకు రాసే మందుగా మార్చారు. అమెరికాలో 1988లో మగవాళ్ళకు, 1991లో ఆడవాళ్ళకు అనుమతి వచ్చింది. కాబట్టి ఇది మగవాళ్ళ సొత్తేమీ కాదు.

మన తప్పు కూడా ఒకటుంది. మందును నూనెలాగా చేతులు మార్చుకుంటాం. మా పక్కింటి అమ్మాయికి మూడు నెలల బాబు. జుట్టు రాలుతోందని వాళ్ళన్న సీసా తెచ్చుకుంది. నేనే ఆపాను. కాన్పయిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలే. చాలామందికి ఏడాదిలోపు దానంతటదే సర్దుకుంటుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందు సొంతంగా వాడకూడదు. పైగా మగవాళ్ళది ఎక్కువగా ఐదు శాతం మందు, నాకు రాసింది రెండు శాతం. ఇష్టం వచ్చినట్టు రాస్తే మొహం మీద కూడా వెంట్రుకలు రావచ్చు.

మా పుట్టిల్లు నల్లగొండ. అక్కడ జుట్టు రాలితే బోరు నీళ్ళను తిడతాం. ఫ్లోరైడు మన పెద్దల పళ్ళను, ఎముకలను పాడుచేసిన మాట నిజమే. కానీ అన్నిటికీ నీళ్ళనే తిట్టి కూచుంటే అసలు జబ్బు బయటపడేదెట్లా? నా రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉంది. థైరాయిడ్ కూడా చూసి, ఐరన్ మాత్రలతోపాటే డాక్టరమ్మ ఈ మందు రాసింది.

మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలింది. అట్లా అవుతుందని ముందే చెప్పింది కాబట్టి భయపడలేదు. ఫలితం తెలియడానికి నాలుగు నెలలైనా పడుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు మళ్ళీ పోతుంది. ఇవన్నీ తెలిసి మొదలుపెట్టే దాన్ని సోకు అంటారా?

నిన్న నా సీసాను అద్దం ముందు, మా అబ్బాయి సీసా పక్కన పెట్టాను. అత్తమ్మ బీపీ గోలీలుండేది కూడా అక్కడే.

"ఇది గూడ బీపీ గోలీల నుంచి పుట్టిందే అత్తమ్మా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. సీసా మాత్రం అక్కడే ఉంది.