ఊసరవెల్లికి సాంబ్రాణి ధూపం

బల్లి ఒంటి మీద ఎక్కడ పడితే ఏం జరుగుతుందో పంచాంగంలో పట్టిక ఉంటుంది. తొండ మీదికి పాకినా అంతే. ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే తలస్నానం చేయమంటారు, దీపం పెట్టమంటారు. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లినీ వెండి బల్లినీ తాకి వచ్చినవాళ్లు ఇరుగుపొరుగున ఉంటే వాళ్లను ముట్టుకోమంటారు. ఈ నమ్మకం మనవాళ్లతోపాటు విమానమెక్కి అమెరికా దాకా వెళ్లింది. అక్కడ పిల్లలు మారాం చేస్తే పెట్ షాపు నుంచి ఊసరవెల్లిని కొని తెచ్చి హాల్లో పెట్టుకునే ఇళ్లున్నాయి. ఎక్కువగా అమ్మేది యెమెన్, సౌదీ అరేబియా కొండల నుంచి వచ్చిన జాతి. తల మీద టోపీలాంటి ఎత్తయిన బొడిపె ఉంటుంది.

భాగవతంలో నృగ మహారాజు ఒకరి ఆవును పొరపాటున మరొకరికి దానమిచ్చి, ఆ పాపానికి ఊసరవెల్లియై బావిలో పడి ఉంటాడు. ఇలాంటి కథలు విని పెరిగిన బామ్మకు అది పాపిష్టి జన్మ. మనవడికి ముద్దుల జంతువు. దాని గూటిని ఎలా శుభ్రం చేయాలో మాత్రం తరచూ ఇద్దరికీ తెలియదు.

తలస్నానం ఆచారాన్ని సమర్థించడానికి ఈమధ్య ఒక కొత్త వాదన పుట్టింది. సరీసృపాల మీద సాల్మొనెల్లా క్రిములుంటాయట, మన పూర్వీకులకు అది ముందే తెలుసట, అందుకే స్నానం పెట్టారట. క్రిములుంటాయన్నది నిజమే. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పేగుల్లో కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. అది పెంటలో అప్పుడప్పుడు బయటపడుతుంది కాబట్టి ఒకసారి పరీక్షలో కనబడలేదని లేనట్టు కాదు. అయితే పంచాంగం పట్టికను ఒకసారి తెరిచి చూడండి. మగవాళ్లకు ఒక ఫలితం, ఆడవాళ్లకు ఇంకొకటి. కుడి భుజానికి ఒకటి, ఎడమ భుజానికి మరొకటి. పడిన చోటును బట్టి లాభమో నష్టమో నిర్ణయించే క్రిమి ఏదైనా ఉందా? పైగా సాల్మొనెల్లా నెత్తి మీదినుంచి లోపలికి పోదు. చేతి నుంచి నోటికి పోతుంది. ఆ పట్టికలో సబ్బుతో చేతులు కడుక్కోమన్న మాటే లేదు.

అమెరికా ప్రభుత్వం 1975లో నాలుగంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని, లేదా తాకిన చేతుల్ని నోట్లో పెట్టుకుని జబ్బు పడటమే దానికి కారణం. ఐదేళ్లలోపు పిల్లలు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఉన్న ఇళ్లలో సరీసృపాలు వద్దని అక్కడి ఆరోగ్య అధికారులు ఇప్పటికీ చెబుతున్నారు. బామ్మా చంటిపిల్లా ఉన్న మన ఉమ్మడి ఇంటికి ఇది రెండింతలు వర్తిస్తుంది. బల్లి పడితే పరుగెత్తి తలస్నానం చేసే ఇంట్లోనే ఊసరవెల్లి గూటి కొమ్మల్ని, నీళ్ల గిన్నెను పప్పు కడిగే సింకులో తోముతారు. అంటు ఎక్కడ లేదో అక్కడ స్నానం చేసి, ఎక్కడ ఉందో అక్కడ వంట చేస్తున్నామన్నమాట.

ఇక శుభ్రం పేరుతో గూటికి చేసే ఉపచారాలు. శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేస్తూ దాని గూటికీ ఒక ధూపం పడతారు. కర్పూరం బిళ్ల పెడతారు. పసుపు నీళ్లు చల్లుతారు. ఊసరవెల్లి శ్వాసావయవాలు సున్నితమైనవి. చుట్టూ జాలీ ఉన్న గూట్లో పొగ వదిలితే ఆ జంతువు తప్పించుకునే చోటు లేదు. పసుపు రంగు అంటిస్తుంది గానీ పెంటను కడగదు. వేప, అత్తరు నూనెలు, డెట్టాల్ లాంటి ఘాటైన ద్రవాలు కూడా వద్దు. ఫినాయిల్ జాతి రసాయనాలు సరీసృపాలకు హానికరం. వాసన మనకు నచ్చినంత మాత్రాన గూడు శుభ్రమైపోదు.

చేయాల్సిన పని చాలా సాదాసీదాగా ఉంటుంది, బహుశా అందుకే ఎవరికీ రుచించదు. పెంటను రోజూ తీసేయాలి. తినగా మిగిలిన కీచురాళ్లను ఏరేయాలి, లేకపోతే రాత్రిపూట అవి నిద్రపోతున్న జంతువునే కొరుకుతాయి. అడుగున ఇసుక, చెక్కపొట్టు పోయకుండా కాగితం పరిస్తే మురికి కంటికి కనబడుతుంది. పూర్తిగా కడిగే రోజున ఊసరవెల్లిని వేరే చోట ఉంచి, ముందు సబ్బు నీళ్లతో మురికి వదిలించాలి. మురికి ఉండగా బ్లీచు పోస్తే దాని శక్తి అంతా మురికి మీదే ఖర్చవుతుంది. ఆ తర్వాత ఒక పాలు బ్లీచు, తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, బాగా కడిగి, వాసన పోయేదాకా ఆరబెట్టాలి. బ్లీచులో వెనిగర్ గానీ అమ్మోనియా గానీ కలిపితే విషవాయువు పుడుతుంది. కాక్సీడియా అనే పరాన్నజీవి గుడ్లకైతే బ్లీచు కూడా పని చేయదు, ఆవిరి వేడి కావాలి. ఈ పనులన్నీ వంటింటికి దూరంగా చేయాలి.

మూఢత్వం బామ్మలకే పరిమితం అనుకోకండి. మట్టి, మొక్కలు, సన్నపురుగులు వేసి గూడు కడితే ప్రకృతే శుభ్రం చేసుకుంటుంది, మనం చేయి పెట్టనక్కరలేదని నమ్మే చదువుకున్నవాళ్లున్నారు. ఆ పురుగులు కొంత పెంటను కుళ్లబెట్టి మట్టిలో కలుపుతాయి, నిజమే. కొమ్మల మీదిదీ ఆకుల మీదిదీ ఎవరు తుడుస్తారు? అడవి తేమ కావాలని రోజంతా నీళ్లు చల్లేవాళ్లూ ఉన్నారు. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లను సాధారణంగా పట్టించుకోదు, ఆకుల మీది బొట్లను నాకుతుంది. అందువల్ల నీళ్లు చల్లడం అవసరమే. కానీ మధ్యలో ఆకులు ఆరాలి, గాలి ఆడాలి. ఆరని గూట్లో బూజు పడుతుంది, జంతువుకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

ఒంటి రంగు నల్లబడితే దిష్టి తగిలిందని నిమ్మకాయ, మిరపకాయలు తిప్పేవాళ్లకు ఒక మాట. మడగాస్కర్ ఊసరవెల్లి చర్మకణాల్లో గ్వానిన్ స్ఫటికాలు ఉంటాయని, వాటి మధ్య దూరం మారితే రంగు మారుతుందని జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపించారు. నలుపు మాత్రం మెలనిన్ పని. ఊసరవెల్లి చలి వేసినా నల్లబడుతుంది, భయపడినా నల్లబడుతుంది, జబ్బు పడినా నల్లబడుతుంది. కళ్లు లోతుకు పోతే ఒంట్లో నీళ్లు తగ్గాయేమో చూడాలి. అప్పుడు కావలసింది సరీసృపాల గురించి తెలిసిన పశువైద్యుడు. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఆ ఘాటు కూడా దాని ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఇదంతా చదివి మన తోటల్లోని ఊసరవెల్లిని పట్టి తెచ్చుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. విదేశీ ఊసరవెల్లులను పెంచాలన్నా 2022 సవరణ తర్వాత అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి. కంచె మీద అది కనబడితే రాళ్లు వేయకండి, పిల్లల్ని వేయనివ్వకండి.