ఒక్క మొక్కతో పొలము పండునా?



బొమ్మల సినిమా అనగానే పిల్లల కాలక్షేపమని మనము తోసివేస్తాము. అమెరికాలోని పిక్సార్ సంస్థ 2008లో తీసిన ‘వాల్-ఇ’ని గూర్చి మాత్రము మీతో కొంత మాట్లాడగోరుచున్నాము.

అది ఊహించిన భవిష్యత్తు కథ. మనుషులు కొని పారేసిన చెత్తతో భూమి నిండిపోయినది. వారు అంతరిక్ష నౌక ఎక్కి వెళ్లి 700 సంవత్సరాలైనది. చెత్తను ఇటుకల్లా నొక్కి పేర్చే చిన్న యంత్రమొక్కటే ఇంకా పని మానలేదు. మొదటి అరగంటలో మాటలు దాదాపు లేవు. అందుకే ఇంగ్లీషు రాని పిల్లలు కూడా కన్నార్పక చూస్తారు. నౌకలోని మనుషులేమో కుర్చీల్లో పడుకొని, తెరలు చూస్తూ, నడక మరచిపోయారు. ఇది పెద్దలకు గుచ్చుకొనే సంగతి.

అయితే లోపమున్నది. తప్పంతా ఒక పెద్ద కంపెనీ మీద, నౌకను నడిపే యంత్రము మీద పడుతుంది. కొన్నవారు, పారేసినవారు అమాయకులుగా మిగులుతారు. దొరికిన ఒక్క పచ్చని మొక్కను నమ్మి అందరూ భూమికి తిరిగి వస్తారు. ఆ తరువాతి సేద్యమంతా చివర పేర్లు పడేటప్పుడు బొమ్మల్లో గడిచిపోతుంది. నేల, నీరు, ఏళ్ల తరబడి చాకిరి లేనిదే పొలము పండదని మీకు తెలుసు. పిల్లలకు తెలియదు.

కాబట్టి వారిని తెర ముందు వదలి వెళ్లక, ప్రక్కన కూర్చుండండి. సినిమా ముగిసిన తరువాత, “ఆ చెత్త ఎవరు వేశారు? ఎవరు తీయాలి?” అని అడగండి. జవాబు వారినే చెప్పనివ్వండి. మరునాడు మన వాకిట్లోని ప్లాస్టిక్ సంచులను వారితో కలిసి మనమూ ఏరుదాము.